కృష్ణమూర్తి వేషం ఎవరూ అడగలేదు

రీయూనియన్ సంచికకి ఏదో ఒకటి రాసి పంపమని కమిటీవాళ్ళు ఒకటే పోరు, మాస్టార్ల గురించి ఎలాగూ అందరూ రాస్తారు కదా అని నేను మన కాలేజ్ డే స్కిట్ గురించి రాస్తున్నా.

1987 నవంబర్లో జంధ్యాల తీసిన అహ నా పెళ్ళంట సినిమా రిలీజయ్యింది. బెజవాడ మాచవరం నుంచి ఏలూరు రోడ్డు మీద డబుల్సూ ట్రిపుల్సూ తొక్కుకుంటూ గాంధీనగర్ పోయి చూసొచ్చేవాళ్ళం, టికెట్ పోను జేబులో ఏమన్నా మిగిల్తే బాబాయ్ హోటల్లో ఇడ్లీ, మిగలకపోతే దారంతా డైలాగులే టిఫిను. (ఆ పేరు వింటే మా నాన్నకి మాత్రం మాయాబజార్ సావిత్రే గుర్తొచ్చేది, అదేం పేరురా మళ్ళీ అనేవాడు.) దానికి తోడు కోట శ్రీనివాసరావుది కంకిపాడు, రాజేంద్రప్రసాద్‌ది నిమ్మకూరు, బ్రహ్మానందంది సత్తెనపల్లి వైపు, అంతా మనోళ్ళే అని మనకి అదో పొగరు.

సరే, కాలేజ్ డేకి ఆ సినిమానే స్కిట్ వేద్దామనుకున్నాం. కోట వేసిన పిసినారి లక్ష్మీపతి వేషానికి క్యూ కట్టారు, పంచె, చిరిగిన బనీను ఎవడివి వాడే ఇంటి నుంచి తెచ్చేసుకున్నారు కూడా. బ్రహ్మానందం అరగుండు వేషానికి ఒకడైతే నిజంగానే సగం గుండు గీయించుకుంటానని మంగలి షాపు దాకా వెళ్తే వాళ్ళమ్మ వెనకాలే వచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్ళింది. కోడిని చూస్తూ అన్నం తినే సీను ఉండాల్సిందే కాబట్టి సబ్బుల పెట్టె అట్ట కత్తిరించి కోడి బొమ్మేశాం, అది కోడికీ నెమలికీ మధ్యలో ఏదోలా వచ్చింది.

రాజేంద్రప్రసాద్ వేసిన హీరో కృష్ణమూర్తి వేషం మాత్రం ఎవడూ అడగలేదు. చివరికి డైలాగులన్నీ బట్టీ వచ్చు కదా అని క్లాస్ ఫస్టోడికి అంటగట్టాం. పాపం వాడు స్టేజీ ఎక్కి వైవాకి నిలబడ్డట్టు చేతులు కట్టుకుని ఒక్క ముక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు, అంతే, మొదట్లో కోట గొంతుకి ఈలలేసిన జనం కాసేపటికి కబుర్లలో పడ్డారు. ఈలోగా ఫ్యాన్ గాలికి కోడి గిర్రున తిరిగి వెనకున్న సబ్బు అక్షరాలు కనపడ్డాయి, ఆ రోజు పెద్ద నవ్వు దానికే.

రిహార్సల్ చూసినప్పుడే తెలుగు మాస్టారు మా కృష్ణమూర్తిని చూపించి అన్నారు, "ఒరేయ్, పిసినారి అరుగు మీద కూర్చుంటే చాలు, ఊరంతా తిరగాల్సింది వీడు, వీడేంట్రా కరెంటు స్తంభంలా ఉన్నాడు" అని. మనమెవరం విన్నాం.

తర్వాత మళ్ళీ సినిమాకి పోయినప్పుడు ఈసారి రాజేంద్రప్రసాద్ ఒక్కడినే చూశా. తండ్రితో పందెం కట్టి, ఆయన డబ్బూ పేరూ వాడకుండా ఆ పిసినారి కూతుర్ని చేసుకోవాలని ఊళ్ళోకొచ్చి పిసినారికే మించిన పిసినారిలా నటించాలి, అంటే నటించేవాడిలా నటించాలన్నమాట. తండ్రి నూతన్ ప్రసాద్ దగ్గర ఒక గొంతు, హీరోయిన్ రజని దగ్గర ఒక గొంతు, కోట ముందుకొచ్చేసరికి ఇంకోటి. సినిమాల్లో నిలదొక్కుకోకముందు డబ్బింగులు చెప్పిన మనిషి కదా, ఆ పనితనమంతా అక్కడ పనికొచ్చింది అనిపిస్తుంది నాకు. కోట నవ్విస్తాడు, బ్రహ్మానందం తిట్లతో నవ్విస్తాడు, కానీ వాళ్ళిద్దరి మధ్యా కథని పరిగెత్తించేది ఇతనే, ఇతను ఆగితే సినిమా ఆగినట్టే. జంధ్యాల డైలాగు రాసిన స్పీడుకి తగ్గ నోరు అప్పట్లో ఇంకెవరికీ లేదని నా అభిప్రాయం, గొడవ పెట్టుకోవాలంటే పెట్టుకోండి. పాటలప్పుడు మాత్రం బయటికెళ్ళి టీ తాగొచ్చేవాళ్ళం, అది వేరే సంగతి.

2025 జూలైలో కోట పోయినప్పుడు మన వాట్సాప్ గ్రూప్ నిండా ఆ కోడి సీనే, మామూలు రోజుల్లోనేమో బ్రహ్మానందం మీమ్స్. రాజేంద్రప్రసాద్ క్లిప్పు ఒక్కడూ పెట్టడు, ఎందుకంటే ఒక్క ఫోటోలో దొరికే నటన కాదు కదా అది.

ఈసారి రీయూనియన్‌లో అదే స్కిట్ మళ్ళీ వేద్దామంటున్నారు, లక్ష్మీపతి వేషానికి అప్పుడే నలుగురు చెయ్యెత్తారు. ముందు కృష్ణమూర్తిని వెతకండ్రా బాబూ, మోకాళ్ళ నొప్పుల్లేని వాడొక్కడన్నా మన బ్యాచ్‌లో మిగిలుంటే.