జవాబు కాదు, పేజీ చూడాలి

టీవీలో లెక్కలు సరిగా చెప్పలేరని నేను అనను. కరోనాతో బడులు మూసి ఉండగా 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు మా పదో తరగతి అమ్మాయిలకు చెప్పి నేనూ ఆ పాఠాలు చూసేదాన్ని. చెప్పేవారు అనుభవజ్ఞులు. మెట్టు మెట్టుగా వివరించేవారు. కాకపోతే, వింటున్న పిల్ల చెయ్యి ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో వారికి కనబడే వీలు లేదు.

ఒక్క లెక్క చూపిస్తాను. 2ఎక్స్² − 5ఎక్స్ + 3 = 0. వర్గాన్ని పూర్తి చేసి సాధించాలి. ఒకమ్మాయి నోటుబుక్కు ఫొటో తీసి పంపింది. మొదటి రెండు పదాలను 2తో భాగించి, చివరి 3ను మాత్రం అలాగే వదిలేసింది. ఆ తర్వాత ఎక్కడా తప్పు లేదు. 5/2లో సగం 5/4, దాని వర్గం 25/16, అందులోంచి 3 తీసేస్తే −23/16. కింద ఇలా రాసింది: ‘వర్గం రుణసంఖ్య కాదు కాబట్టి వాస్తవ మూలాలు లేవు.’ ఎంత చక్కని ఆలోచన! ఆ 3ను కూడా 2తో భాగించి ఉంటే 1/16 వచ్చేది, మూలాలు 1, 3/2 అయ్యేవి. జవాబు మాత్రమే దిద్దేవారికి అది తప్పు లెక్క. ఈ పిల్ల ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలని నాకు అనిపించింది ఆ పేజీ చూశాకే.

ఆ ఫొటో రాత్రి పొద్దుపోయాక వచ్చింది. ఫోను నాన్నది, ఆయన ఇల్లు చేరాక మొదటి వంతు అన్నయ్యది. పగలు టీవీ పాఠం వచ్చే వేళకు ఇంట్లో ఉన్న ఆడపిల్లకు ఏదో ఒక పని తగులుతుంది. పత్తి ఏరే రోజులైతే పాఠం మాటే ఉండదు. బడిలో ఉన్న పిల్లను గిన్నెలు తోమమని ఎవరూ పిలవరు, గంట కొట్టాక ఆ పీరియడ్ పూర్తిగా ఆమెది. లెక్క మధ్యలో లేచి వెళ్తే మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. అందుకే గణితానికి బడి గోడలు మరీ అవసరం అంటాను.

అయితే ఫోను వల్ల నాకు ఒక విషయం తెలిసొచ్చింది. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని అమ్మాయిలు వాయిస్ మెసేజీల్లో సందేహాలు అడిగారు. ‘మేడమ్, మైనస్ అవతలికి వెళ్తే ప్లస్ ఎందుకు అవుతుంది?’ అని ఒక పదో తరగతి పిల్ల అడిగింది. అందరి ముందూ అయితే నవ్వుతారని అడిగేది కాదు. ఏదీ అవతలికి వెళ్లదు, రెండు వైపులా ఒకే సంఖ్యను కలుపుతున్నాం అంతే అని చెప్పాను. ఆ వారంలోనే ఆమె సమీకరణాలు చకచకా సాధించింది. 2021 ఫిబ్రవరి 1న బడులు తెరిచాక మళ్లీ మౌనంగా కూర్చుంది. అప్పటి నుంచి మా తరగతిలో నోటుబుక్కు చివరి పేజీ సందేహాలకే. నేను బెంచీల మధ్య తిరుగుతూ ఆ పేజీ తెరిచి, పక్కవారికి వినబడకుండా చెబుతాను.

పైకి వినబడాల్సిన చదువూ ఉంది. త్రికోణమితి అనువర్తనాలకు కోణమానిని, దారం, రాయి ఇచ్చి నీళ్ల ట్యాంకు ఎత్తు కొలవమంటాను. ఊర్ధ్వకోణం 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడిచి, ట్యాంకు దాకా దూరం కొలుస్తారు. కంటి ఎత్తు కలపాలా వద్దా అని గట్టిగా వాదించుకుంటారు. కలపాలని తేల్చేది నేను కాదు, వాళ్లే. ఆ వాదన ఏ తెర మీదా జరగదు.

సెలవుల్లో రికార్డు చేసిన పాఠాలు పంపే తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పాఠంతో పాటు ఒకే ఒక్క లెక్క ఇవ్వండి. జవాబు అడగకండి. కొట్టివేతలతో సహా పేజీ మొత్తం ఫొటో పంపమనండి, ఏ రాత్రి పంపినా చూస్తామని ఆ అమ్మాయిలకు ముందే చెప్పండి.