మిద్దె మీద సుద్దగీతల గుడారం

కొనాలనుకుంటున్న ఇద్దరి టెంటు ఎంతుంటుందో చూద్దామని ఈ సాయంత్రం మిద్దె మీద 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున సుద్దముక్కతో గీత గీసి, అందులో మేమిద్దరం పడుకొని చూశాము. పరుపు పరిచాక చెప్పులు విడవడానికైనా చోటు మిగలలేదు.

"ఇద్దరి టెంటంటే ఇద్దరూ కదలకుండా పడుకునే టెంటన్నమాట" అని మా ఆవిడ తేల్చేసింది. నిజమే, తయారీదారులు మనుషులను భుజానికి భుజం ఆనించి లెక్కిస్తారు. సంచులు, నీళ్ల క్యాను ఆ లెక్కలోకి రావు.

వీపున మోసుకొని కొండలెక్కేవారికి బరువు ముఖ్యం గాని, కారు డిక్కీలో వేసుకొని వెళ్లే మాకు ఆ బాధ లేదు కనుక, నలుగురి టెంటునే, అదీ నడుము వంచకుండా నిలబడి బట్టలు మార్చుకోగలిగినంత ఎత్తున్నదానినే తీసుకోవాలని అనుకున్నాము. అయితే ఎత్తు పెరిగినకొద్దీ గాలి తాకిడీ పెరుగుతుంది. పైగా మేము టెంటు వేయాలనుకుంటున్న నెల్లూరు దగ్గరి మైపాడు తీరపు ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి, లోతుగా పూడ్చాలి. మన కోస్తా ఉక్కలో ఎదురెదురుగా దోమతెర కిటికీలు లేని టెంటులో నిద్రపోవడం మాత్రం నా వల్ల కాదు.

గీతలు ఇంకా చెరపలేదు. రేపు వాటి చుట్టూ నలుగురి టెంటుకని 8 అడుగుల చదరం గీయాలి, ఈలోగా పక్కింటివారు అది ఏ ముగ్గని అడగకుండా ఉంటే.