నాబోతు ఊరి పెద్దలు

ఈ రోజు విశేషంగా చెప్పుకోదగినదేమీ జరగలేదు. పని నుంచి వచ్చి, వంట ముగించుకుని, రాత్రి వాక్యపఠనంలో వరుసగా వచ్చిన బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం చదివాను. ఇశ్రాయేలు రాజు అహాబు, అతని భార్య యెజెబెలు, ప్రవక్త ఏలీయాల కథగా సండే స్కూలు నాటి నుంచి విన్నదే అయినా, ఈ రాత్రి నాబోతు ఊరైన యెజ్రెయేలు పెద్దలను దాటి ముందుకు వెళ్లలేకపోయాను.

తన రాజభవనాన్ని ఆనుకుని ఉన్న నాబోతు ద్రాక్షతోటను కూరతోటగా చేసుకుంటానని అహాబు అడిగాడు. బదులుగా అంతకంటే మంచి తోట గాని, తగిన వెల గాని ఇస్తానన్నాడు. భూమి దేవునిదనీ, దానిని శాశ్వతంగా అమ్మకూడదనీ లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది గనుక, పిత్రార్జితాన్ని ఇవ్వనన్న నాబోతు మాటలో నాకు విశ్వాసమే వినిపిస్తుంది. అటువంటి మనిషి మీద మోపిన నేరం దేవదూషణ. ధర్మశాస్త్రాన్ని నమ్మి నిలబడినవాణ్ణి ధర్మశాస్త్రం పేరుతోనే చంపారు.

విచారణలో పైకి ఏ లోపమూ కనిపించదు. ఊరంతా దేవుని ఎదుట తల వంచవలసిన ఉపవాసదినాన్ని చాటించారు. ద్వితీయోపదేశకాండం కోరినట్టే ఇద్దరు సాక్షులను నిలబెట్టారు. దేవుణ్ణీ రాజునూ దూషించాడని వారు పలకగానే నాబోతును పట్టణం వెలుపలికి తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపారు.

పెద్దలు మోసపోయారని అనుకోవడానికి గ్రంథం చోటివ్వదు. పనికిమాలిన ఇద్దరిని సాక్షులుగా నిలబెట్టమని వారికి అందిన తాకీదులోనే ఉంది. యెజెబెలు రాయించిన ఆ తాకీదు అహాబు పేరున, అహాబు ముద్రతో వచ్చింది. నాబోతు మరణించాడన్న కబురును మాత్రం వారు యెజెబెలుకు పంపారు. రాయించినదెవరో ఎరిగే చేశారనడానికి ఇంతకన్నా రుజువు నాకు అక్కరలేదు. వారు నాబోతుతో ఒకే పట్టణంలో కాపురమున్నవారు, బహుశా అతని పిల్లలను కూడా ఎరిగినవారు. యేసు విచారణలోనూ యూదుల మహాసభ దేవదూషణ అనే తీర్పుకే వచ్చింది గాని, సభ్యుడైన అరిమతయియ యోసేపు వారి ఆలోచనకు సమ్మతించలేదని లూకా రాశాడు. ఆ అసమ్మతి సిలువను ఆపలేకపోయినా, ఆ ఒక్క పేరు అక్కడ ఉండడం నాకు గొప్ప ఊరట. యెజ్రెయేలులో అటువంటి పేరు కోసం మళ్లీ మళ్లీ చదివాను, దొరకలేదు.

రెండవ రాజుల గ్రంథం 9వ అధ్యాయంలో నాబోతు రక్తంతో పాటు అతని కుమారుల రక్తం ప్రస్తావన కూడా వస్తుంది. తండ్రి పోతే పిత్రార్జితం వారిదే అవుతుంది గనుక, తోట రాజు చేతికి రావడానికి వారు అడ్డు అయ్యారని నాకు అనిపిస్తుంది. యెజెబెలు తాకీదులో ఆ కుమారుల మాటే లేదు. వారి మీద ఎవరు సాక్ష్యం పలికారో, ఏ పెద్దల ముందు నిలబెట్టారో గ్రంథంలో ఎక్కడా లేదు.