వాళ్లు కొట్టింది ఉత్తి నీళ్లు

నిన్న సాయంత్రం సీటు మారుస్తూ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఏడు నెలలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాదాపూర్‌లో మా ఆఫీసుకి కొత్త రంగులు, కొత్త కార్పెట్ వేయించారు. ఆ వారం అందరికీ తలనొప్పే. వాళ్లకి తగ్గింది, నాకు తగ్గలేదు. తర్వాత ఫినాయిల్, పక్కవాళ్ల సెంటు, ఇంట్లో అగరుబత్తి, చివరికి మడత విప్పిన కొత్త చీర వాసన కూడా పడలేదు. గుండెదడ, కళ్లమంటలు, ఆయాసం.

పరీక్షలకి రెండు రోజులు. ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, అలర్జీ చూసే ఐజీఈ రక్తపరీక్ష, స్కిన్ ప్రిక్ టెస్టు అన్నీ నార్మల్. చెస్ట్ డాక్టరు 'మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ' (రకరకాల రసాయనాల వాసనలు పడకపోవడం) అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకమే నా కొంప ముంచింది.

సీటు మార్చమని అడిగితే హెచ్చార్ వాళ్లు వైకల్యం సర్టిఫికెట్ తెమ్మన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఇది లేదు. ఆ సంగతి తెలియక రెండు వారాలు తిరిగాను. మీరు తిరక్కండి.

తర్వాత మీటింగ్ రూముకి పిలిచారు. మేనేజరు, హెచ్చార్ మేడమ్, అడ్మిన్ సారు. మాట్లాడుతుంటే అడ్మిన్ సారు నా వెనక నిలబడి స్ప్రే కొట్టారు. ఆ చప్పుడు వినగానే గొంతు పట్టేసింది. ఒకటే దగ్గు, కళ్ల వెంట నీళ్లు. లేచి తలుపు దగ్గరికి వెళ్లేలోపు "కూర్చో అమ్మా, అవి ఉత్తి నీళ్లు" అన్నారాయన. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. "చూశారా, అంతా మనసులోనే" అంది మేడమ్. పదకొండేళ్లుగా ఒక్క దొంగ సెలవు పెట్టని మనిషిని నేను. దగ్గు ఆగక నోటమాట రాలేదు. సంతకం పెట్టమని ఓ కాగితం నా ముందుకి తోశారు. సైకియాట్రిస్టుని కలుస్తానని ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. పెట్టాను.

ఆ రాత్రి నన్ను నేనే అనుమానించుకున్నాను. నటిస్తున్నానా? మా అత్తగారు విని, "నాకు బస్సు కనబడితే చాలు కడుపులో తిప్పుతుంది. ఎక్కకముందే. అది నటనా?" అన్నారు. పెద్ద చదువులు చదివిన ముగ్గురికి తట్టని మాట అది.

సైకియాట్రిస్టు దగ్గరికి పళ్లు కొరుక్కుంటూ వెళ్లాను. నా మాట పూర్తిగా విన్న మొదటి డాక్టరు ఆవిడే. ఈ జబ్బుకి మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ అన్న పేరు 1987లో మార్క్ కలెన్ అనే అమెరికా డాక్టరు పెట్టారట. 2006లో 37 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే, ఏది రసాయనమో ఏది మంచి గాలో తెలియకుండా ఇచ్చినప్పుడు ఈ జబ్బున్నవాళ్లు తేడా పోల్చలేకపోయారట. "నీళ్లకి మీకు దగ్గొచ్చిందీ అలాగే. కానీ ఆ దగ్గు దొంగది కాదు. వాసన కబురు మెదడులో భయం పుట్టే చోటికి సూటిగా వెళ్తుంది. ఒకసారి నేర్చుకున్నాక చప్పుడు చాలు" అన్నారు. ఒళ్లా మనసా అంటే, రెండిటికీ మధ్య గోడ ఎవరు కట్టారని నన్నే అడిగారు. విషమే కారణమని నమ్మే డాక్టర్లూ ఉన్నారని దాచకుండా చెప్పారు. నా మటుకు, మొదటి వారం రంగుల వాసనకి తల పగిలిపోవడం నిజం, ఆ తర్వాత భయం పట్టుకోవడమూ నిజం.

ఆవిడ ఇచ్చిన ఉత్తరంలో జబ్బు పేరు లేదు. నాకొచ్చే లక్షణాలు, అవి నటన కాదన్న ఒక వాక్యం, చికిత్స సాగినన్నాళ్లు గాలాడే చోట సీటు కావాలన్న మాట, అంతే. పని జరిగింది దానితోనే. మీరూ డాక్టరు చేత పేరు కాదు, అవసరం రాయించుకోండి. పేరు రాస్తే వాళ్లు దాని మీదే వాదన పెట్టుకుంటారు.

చికిత్సలో భాగంగా ఇప్పుడు రోజూ పక్క గదిలో అగరుబత్తి వెలిగించి రెండు నిమిషాలు కూర్చుంటున్నాను. దడ వస్తోంది, తగ్గుతోంది. సోమవారం నుంచి కిటికీ పక్క సీటు. స్ప్రే కొట్టినాయన ఇంతవరకూ తప్పయిందన్న మాట అనలేదు.