మిరప పువ్వులో నల్ల పురుగు

మా మిద్దె తోటలో మిరప పూత రాలిపోతుంటే పువ్వు విప్పి చూశాను. లోపల మిల్లీమీటరంత నల్ల పురుగులు. తామర పురుగులని తెలుసు, ఏ రకమో భూతద్దంతో కూడా తేలలేదు. నాలుగింటిని ఆల్కహాల్ సీసాలో వేసి, ల్యాబ్‌లో పనిచేసే చెల్లికిచ్చాను. డీఎన్ఏ బార్‌కోడింగ్ చేసింది. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతి ఇది. సీఓఐ అనే జన్యువులో సుమారు 650 డీఎన్ఏ అక్షరాలు చదివి, తెలిసిన జీవుల డేటాబేస్‌తో పోలుస్తారు. పిల్ల పురుగైనా, కాలు విరిగినా పేరు దొరుకుతుంది!

వచ్చిన పేరు త్రిప్స్ పార్విస్పినస్. 2021లో ఖమ్మం, గుంటూరు మిరప చేలను ముంచేసింది ఇదే. ఆ ఏడాదే మా పెదనాన్న చేను దున్నేశారు. రిపోర్ట్ చూశాక చాలాసేపు మాట రాలేదు. ఇవాళ కుండీల మధ్య నీలి రంగు జిగురు అట్టలు కట్టాను.