మిద్దె మీద తొట్టిలో చెరువు: సంక్రాంతి నుంచి కార్తీకం దాకా

సంక్రాంతి పండగ అవ్వగానే మొదలుపెట్టాను. సిమెంటు తొట్టి, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. నిండితే దాదాపు 250 లీటర్లు, అంటే నీళ్ళ బరువే పావు టన్ను. అందుకని శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడ వచ్చే చోట, మెట్లగదికి తూర్పున పెట్టించాను. పొద్దున ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నీడ పడుతుంది. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి రెండుమూడు సార్లు నీళ్ళు నింపి, నానబెట్టి పారబోశాకే వాడాలి.

నాకు కావాల్సింది అక్వేరియం కాదు. ఫిల్టరు, మోటారు, కొన్న మేత లేకుండా ఊరి చెరువు తనంతట తాను ఎలా బతుకుతుందో దగ్గరగా చూడాలని. జీవులను మాత్రమే కాకుండా మట్టి, నీరు, వెలుతురు అన్నీ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త చెప్పాడు. ఎకోసిస్టమ్ అంటే అదే. కాబట్టి మట్టితో మొదలుపెట్టి, తినేవాటిని చివరికి ఉంచాను.

అడుగున మూడంగుళాలు చెరువు ఒండ్రు, దాని మీద అంగుళం మందాన పెన్నా ఇసుక. ఇసుక పొర లేకపోతే చెయ్యి పెట్టినప్పుడల్లా నీళ్ళు బురదవుతాయి. మా బోరు నీళ్ళు ఉప్పన, అందుకే మున్సిపల్ నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి ఒక రోజంతా మూత లేకుండా ఉంచి పోశాను. తెల్లకలువ దుంప ఒకటి, హైడ్రిల్లా నాచు రెండు గుప్పెళ్ళు. గుర్రపుడెక్క జోలికి పోలేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క మన కాలవల్లో ఏం చేస్తోందో అందరం చూస్తూనే ఉన్నాం.

ఫిబ్రవరి అంతా పైకి ఏమీ జరగలేదు గానీ అసలు పని అప్పుడే జరిగింది. కుళ్ళిన ఆకుల నుంచి అమ్మోనియా వస్తుంది. మట్టిలోని ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్‌ను మొక్కలు తీసుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. రొయ్యల రైతులు వాడే అమ్మోనియా కిట్టు ఇక్కడ ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుతుంది. రీడింగు సున్నాకి వచ్చిందాకా చేపలు వేయకూడదు. ఈలోగా దోమలు గుడ్లు పెడతాయి, వారం పది రోజుల్లో పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. అందుకని అంతకాలం తొట్టి మీద దోమతెర బిగించి ఉంచాను.

మార్చిలో తెర తీసి చేపలు వేశాను, ఆరే ఆరు. దోమల కోసం అందరూ గంబూసియా వేయమంటారు. అది అమెరికా చేప, కప్పల గుడ్లను, చిరుకప్పలను కూడా వదలదు. నేను పొలం కాలవలో దొరికే, తల మీద వెండి చుక్కుండే సన్నచేపలు తెచ్చాను. దోమపిల్లలకు అవి చాలు. ఇంత తొట్టికి ఆరేనా అని అడిగారు. మిన్నెసోటాలో ఒక చిన్న సరస్సును ఏళ్ళ తరబడి చదివిన రేమండ్ లిండెమన్ 1942 నాటి వ్యాసంలో దీనికి జవాబుంది. ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు, అంటే తినబడేదాని నుంచి తినేదానికి, చేరే శక్తి చాలా తక్కువ, సుమారుగా పదో వంతు అని లెక్క వేసుకుంటాం. మేత బయట నుంచి వేయనప్పుడు నాచు ఎంత పండితే చేపలు అన్నే. ఆ వ్యాసం అచ్చయ్యేలోపే లిండెమన్ 27 ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. అది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

రోహిణి కార్తెలో కాస్త టెన్షన్. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములుంటే 30 దగ్గర ఏడున్నరే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే మా మామ వచ్చి చూసి, "తెల్లారుజామున చూడు అబ్బయా, పగలు చూస్తే ఏం తెలుస్తాది?" అన్నాడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌నే పీలుస్తుంది, తెల్లారేసరికి అడుగంటుతుంది. రైతులు రాత్రిళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. నాలుగున్నరకు టార్చి వేసి చూస్తే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. సగం నాచు తీసేసి, పైన గ్రీన్‌నెట్ కట్టాక సర్దుకున్నాయి. ఇంకో సంగతి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 300 దగ్గర మొదలైన టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల కొలత) మే చివరికి 700 దాటింది. ఎండాకాలంలో పులికాట్ నీళ్ళు ఉప్పెక్కడానికీ ఇదొక కారణం.

మన నెల్లూరు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు వానలకు టీడీఎస్ దిగింది, తూనీగలు దిగాయి. వీటిలో ఒక జాతి ఏటా ఈ కాలంలోనే మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశాడు. తొట్టిలోనూ ఒకటి తోక ముంచి ముంచి గుడ్లు పెట్టింది.

ఇప్పుడు కలువ కాడను పట్టుకుని తూనీగ పిల్లపురుగొకటి ఉంది. రంగు అచ్చం బురదే. దోమపిల్ల దగ్గరికొచ్చేదాకా కదలదు. తల కింద మడిచి ఉన్న పెదవి ముడిచిన చెయ్యి చాచినట్టు ముందుకు పోయి, పట్టుకుని, వెనక్కి వస్తుంది. రెప్ప వేస్తే కనపడదు. రెక్కలొచ్చే వేళకు అది పైకెక్కాలి కాబట్టి నీళ్ళలోంచి బయటికి వచ్చేలా రెండు వెదురు పుల్లలు గుచ్చాను.

తుఫాను వానకు చేపలు పొర్లిపోకుండా పై అంచుకు రెండంగుళాల కింద పైపు బిగించి, మూతికి నెట్టు కట్టాను. ఆ నెట్టులో ఆకులు అడ్డం పడతాయి, వాన ఆగగానే దులపాలి.