చందా పుస్తకం పట్టుకుని తిరిగితే

మాసపత్రిక పెడుతున్నాం అనగానే మా ఊళ్లో అందరూ ఒకటే మాట అడిగారు: "ఏ పార్టీది?" ఏ పార్టీదీ కాదంటే నమ్మలేదు. "మరి పైసలెవరు పెడుతుండ్రు?" అన్నారు. పెట్టింది మేం నలుగురం. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. మిగతావాళ్లలో ఒకాయన పోస్టాఫీసులో రిటైరయ్యాడు, ఒకాయనకు మందుల షాపుంది, ఒకామె డీటీపీ సెంటర్ నడుపుతుంది.

మాది పాత వరంగల్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఇనుగుర్తి మాకు దగ్గరే. 1922లో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' వారపత్రిక నడిపింది ఆ పల్లెలోనే. నిజాం కాలంలో, మారుమూల ఊళ్లో ప్రెస్సు పెట్టి, రాయడం నుంచి అచ్చు దాకా అన్నీ ఆ అన్నదమ్ములే చూసుకున్నారు. మేం వెనక్కి తగ్గినప్పుడల్లా పోస్టాఫీసు పెద్దాయన ఆ మాటే ఎత్తేవాడు.

రిజిస్ట్రేషన్ గురించి ఎక్కువ టెన్షన్ పడ్డాం. అదే తేలిక అయ్యింది. 1867 నాటి పాత చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు దరఖాస్తంతా ఆన్‌లైన్లో, ప్రభుత్వ ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. జిల్లా అధికారి అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది. చిక్కంతా పేరుతోనే. దేశంలో ఎక్కడైనా తెలుగులో ఆ పేరుతో పత్రిక ఉంటే మనకివ్వరు. మన రాష్ట్రంలో ఏ భాషలో ఉన్నా ఇవ్వరు. ఊరు, మాట, గొంతు, వెలుగు లాంటివన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో తీసేసుకున్నారు. అందులో సగం పత్రికలు ఇప్పుడు వస్తున్నాయో లేదో కూడా అనుమానమే. చివరికి మా చెరువు పేరు కలిపితే గానీ టైటిల్ రాలేదు.

ఒక ఆఫీసులో గుమాస్తా నవ్వుతూ అన్నాడు: "ప్రెస్ కార్డు కోసమా సార్, యాడ్స్ కోసమా?" కోపం వచ్చింది గానీ ఆయన అనుమానం ఊరికే పుట్టలేదు. వంద కాపీలేసి ఆఫీసులకు పంచి, ప్రకటనల బిల్లు పెట్టుకునే పత్రికలు నేనూ చూశాను. అందుకే మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు వేయం, కాంట్రాక్టర్ల ప్రకటనలు తీసుకోం. టిఫిన్ సెంటరు, విత్తనాల షాపు, ట్యూషన్లు అయితే సరే. అవి మాత్రమే తీసుకుంటే డబ్బు చాలదని తెలుసు. మిగతాది చందాలతో నెట్టుకు రావాలి. ఏడాదికి 200 రూపాయలు.

అచ్చు పని గురించి రెండు మాటలు చాలు. 32 పేజీలంటే డెమ్మీ సైజులో రెండు ఫారాలు, ఫారానికి 16 పేజీలు. అచ్చు ప్లేట్ల ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి 500 కాపీలకూ వెయ్యికీ పెద్ద తేడా రాదు. ఫోన్లో యూనికోడ్‌లో రాసి పంపినవాటిని డీటీపీలో వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయేవి. డీటీపీ అక్క తిట్టుకుంటూనే అన్నీ దిద్దింది.

తపాలా రాయితీ సంగతి మాత్రం కొత్తగా పెట్టేవాళ్లు ముందే తెలుసుకోవాలి. సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులకు మించకూడదు, నిజమైన చందాదారుల జాబితా ఉండాలి. కాబట్టి ద్వైమాసిక, త్రైమాసిక పత్రికలకు ఆ రాయితీ దొరకదు. దొరికితే 50 గ్రాముల లోపు కాపీకి పావలాయే. పావలా నాణెం 2011లోనే చెల్లకుండా పోయింది, ఆ రేటు మాత్రం పోలేదు.

అయితే ఊళ్లో కాపీలు పోస్టులో వేయలేదు, మేమే ఇచ్చి వచ్చేవాళ్లం. పత్రిక నిలబడిందంటే అందుకే అని నా నమ్మకం. చందా పుస్తకం పట్టుకుని గడప ఎక్కితే ఎవరూ కథలు, కవితలు ఎట్లున్నాయని చెప్పరు. మోరీ (మురుగుకాలువ) గురించి చెప్తారు, నల్లా గురించి చెప్తారు, పక్కింటాయన పెంచిన మెట్ల గురించి చెప్తారు. వాటిలోంచే వార్డు సంగతుల శీర్షిక ఒకటి పుట్టింది.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మావాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. సమాచార హక్కు కింద జాబితాలు అడిగాం. వచ్చినవి వచ్చినట్టు, వార్డుల వారీగా, ఏ వ్యాఖ్యా లేకుండా అచ్చేశాం.

సంచిక పంచిన మర్నాడే బస్టాండు దగ్గర బట్టలు కుట్టే అక్క మందుల షాపుకొచ్చింది. పత్రిక మడిచి చేతిలో పట్టుకుంది, పేరు దగ్గర సుద్దతో గీత గీసుంది.

"నా పేరెవలు రాసిండ్రు సార్?"

"మేం కాదక్కా, మున్సిపాలిటీ ఇచ్చిన జాబితా."

"నన్నెవ్వలు అడగలే. సంతకం పెట్టినట్టు కూడ యాదికి లేదు. సరే, ఉన్ననంటున్నరు కదా. గిప్పుడు నేనేం జెయ్యాలె?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం గ్రంథాలయంలో కూర్చుందాం రమ్మన్నాం. ఆమె మరో ముగ్గురిని వెంటేసుకొచ్చింది. జాబితాలో ఉన్నవాళ్లు ఇంకొందరు వచ్చారు. ఒకే వార్డువాళ్లు, చాలామందికి ఒకరి పేరు ఒకరికి తెలియదు.

2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. అడగడానికి కౌన్సిలర్ కూడా లేకుండా పోయాడు. అప్పట్నుంచి ఆ ఆదివారం కూడిక నెలనెలా జరుగుతోంది. అక్కడ మాట్లాడుకున్నదంతా సంచికలో వస్తుంది, అధికారి ఇచ్చిన జవాబు కూడా పక్కనే వస్తుంది. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నామని చాలామందికి అక్కడే తెలిసింది. తలపైన ఫ్యాన్ తిరగని గదిలో కూర్చుని ఆ మాట విన్నాక, మరి ఆ డబ్బు ఎటు పోతోందని రాతపూర్వకంగా అడిగారు. జవాబు ఇంకా రావాల్సి ఉంది.

అన్నీ సవ్యంగా లేవు. కాగితం రేటు పెరిగినప్పుడల్లా లెక్క తప్పుతోంది. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టేస్తే పోలేదా అని మందుల షాపాయన నెలకోసారైనా అంటాడు. ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ అప్పుడు ఎవరి గడపా ఎక్కక్కర్లేదు, అదే నాకు నచ్చదు. ఈ తగువు మా మధ్య తేలలేదు. మే 31 లోపు వార్షిక నివేదిక దాఖలు చేసే పని కూడా ఆయన మీదే ఉంది కాబట్టి ఎక్కువ వాదించను.

బస్టాండు వైపు చందాలు ఇప్పుడు ఆ అక్కే వసూలు చేస్తోంది. ఒక షరతు పెట్టింది: వాళ్ల వీధి మోరీ సంగతి ముందు పేజీల్లో రావాలి, కవితలు వెనక్కి పోవాలి. ఈ నెల సంపాదకీయం తీసేసి ఆ మోరీ ఫొటో వేశాం.